ఖాళీ గడి లేని కాగితం

ఎన్నికలొస్తే మార్కాపురంలో మాట్లాడుకోవడానికి విషయాల కొదవ లేదు. వెలిగొండ ప్రాజెక్టు ఎంతవరకు వచ్చింది, కంభం చెరువు ఈ ఏడు నిండుతుందా, ఏ కులం ఎటు మొగ్గింది, ఓటుకు ఈసారి ఎంత. గిద్దలూరులోనైనా యర్రగొండపాలెంలోనైనా టీ కొట్ల దగ్గర ఇదే వరస. ఈ సందట్లో రిటర్నింగ్ అధికారి ఆఫీసు నోటీసు బోర్డుకు ఒక కాగితాల దొంతర వేలాడుతూ ఉంటుంది. విలేకరులు, ప్రత్యర్థి తరఫు లాయర్లు తప్ప దాని ముందు నిలబడి చదివేవాళ్లు అరుదు. అదే ఫారం-26. నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థీ ప్రమాణం చేసి ఇవ్వాల్సిన అఫిడవిట్. ప్రభుత్వ ఫారాల్లో ఇంత పనితనమున్నది నేను మరొకటి చూడలేదు.

ఓటరు ఏ అభ్యర్థి గురించైనా అడిగేవి చివరికి రెండే. మనిషి ఎట్టాంటోడు? డబ్బు యాడ్నించి వచ్చింది? మొదటిది నడవడికకు సంబంధించింది, రెండోది సంపాదనకూ దాని మీద కట్టిన పన్నుకూ సంబంధించింది. ఫారం-26 ఈ రెంటినీ అధికార భాషలో అడుగుతుంది. ఒకదాని జవాబును రెండోదానితో సరిచూసుకునేలా అడగడంలోనే దాని గొప్పతనమంతా ఉంది.

అమెరికాలో అభ్యర్థులు పన్ను రిటర్నులు బయటపెట్టడం చాలాకాలంగా మర్యాద మీద నడుస్తున్న పని. అక్కడ గవర్నర్‌ను జనమే ఎన్నుకుంటారు. మన ముఖ్యమంత్రికి ఉండే పెత్తనమంతా ఆయనకుంటుంది. మిషిగన్ రాష్ట్ర గవర్నర్ జార్జ్ రామ్నీ 1967లో అధ్యక్ష పదవి మీద కన్నేసి, తన 12 ఏళ్ల పన్ను రిటర్నులు బయటపెట్టాడు. ఒక్క ఏడాదివే చూపిస్తే అవి పైకి కనబడటానికి సర్దినవి కావచ్చన్నది ఆయన వాదన. ఆ తర్వాత అధ్యక్ష అభ్యర్థులకు అదొక ఆనవాయితీ అయింది. ఆనవాయితీయే గానీ చట్టం కాలేదు కాబట్టి 2016లో డొనాల్డ్ ట్రంప్ ఇవ్వనంటే అడిగే దిక్కు లేకపోయింది. మన దగ్గర అధ్యక్షుడి దాకా ఎందుకు, మార్కాపురం అసెంబ్లీ సీటుకు నామినేషన్ వేసే స్వతంత్ర అభ్యర్థి కూడా ఐదేళ్ల రిటర్నుల్లో చూపిన ఆదాయాన్ని తన పేరనా, భార్య పేరనా, ఉమ్మడి కుటుంబం పేరనా, తన మీద ఆధారపడినవాళ్ల పేరనా విడివిడిగా రాయాల్సిందే. ఈ ఒక్క విషయంలో మనం అమెరికాకంటే ముందున్నామని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

నీతి, పన్ను ఒకే ఖాతాలో ఉండే పద్దులని ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన మనిషికి బాగా తెలుసు. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ మంత్రివర్గం ఏర్పడినప్పుడు టంగుటూరి ప్రకాశం పంతులు రెవెన్యూ మంత్రి. ఆ ప్రభుత్వం సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టింది. సారా మీద వచ్చే రాబడి పోయింది. ఆ లోటు పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను చట్టం తెచ్చింది. అంటే తాగనివాడు కూడా కొట్లో సరుకు కొన్నప్పుడు తాగుడు మానిపించిన ఖర్చులో తన వంతు కట్టాడన్నమాట. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యాక అదే లెక్క మళ్లీ ముందుకొచ్చింది. నిషేధం ఎత్తెయ్యాలని ఎస్.వి. రామమూర్తి కమిటీ చెప్పింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో ఆ తగువు మీదే పెట్టిన అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి ప్రభుత్వం కూలింది. అప్పటికి మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్నాయి. రాష్ట్ర రాజధాని కూడా కర్నూలే కాబట్టి ఈ తగువంతా ఇక్కడివాళ్లకు జిల్లా కేంద్రంలో జరిగిన తగువే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం అందులో కలిసింది. 1972లో జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు.

ఆ రోజుల్లో నాయకుడి విధానం ఓటరుకు కనబడేది. ఇంటి లెక్క కనబడేది కాదు. బారిస్టరుగా లక్షలు గడించిన పంతులుగారు అంతా ఉద్యమంలో పోగొట్టుకుని 1957లో లేమిలోనే పోయారని లోకానికి తెలుసు. ఆయన ఫారం-26 నింపి ఉంటే ఆస్తుల పట్టికలో చాలా చోట్ల ‘లేదు’ అనే మాటే ఉండేది. అలాంటి కాగితం ఓటరు చేతికొచ్చే ఏర్పాటు మాత్రం ఆయన పోయిన నలభై అయిదేళ్లకు గానీ కుదరలేదు.

అది కుదిరిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. దీన్ని ఏ ఒక్క మంత్రో అధికారో కూర్చుని రాయలేదు. 1999లో అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ పెట్టి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. 2000 నవంబరులో అక్కడ గెలిచారు. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. అభ్యర్థి నేరచరిత్ర, ఆస్తులు, అప్పులు, చదువు తెలుసుకోవడం ఓటరు హక్కని 2002 మే 2న తీర్పొచ్చింది. దాదాపు అన్ని పార్టీలూ ఏకమై అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, కోర్టు అడిగిన వివరాలు ఇవ్వనక్కర్లేదనే 33బీ సెక్షన్ పెట్టాయి. దేశంలో పార్టీలన్నీ అంత చక్కగా కలిసొచ్చిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. అప్పట్నించి ఫారంలో వచ్చిన కొన్ని మార్పుల వెనక కూడా కోర్టు కేసులున్నాయి.

ఇక కాగితం దగ్గరికి వద్దాం. మొదట పార్టీ పేరు, ఓటరు జాబితాలో క్రమసంఖ్య, ఫోను నంబరు, సోషల్ మీడియా ఖాతాలు. ఇవి దాటగానే పాన్ నంబరు పట్టిక వస్తుంది. నిలువు గడుల్లో పాన్, చివరిసారి రిటర్ను వేసిన సంవత్సరం, ఐదేళ్ల ఆదాయం. అడ్డవరసల్లో అభ్యర్థి, జీవిత భాగస్వామి, ఉమ్మడి కుటుంబం, ఆధారితులు. మార్కాపురం పలకల పనివాడు రాయిని దెబ్బకొట్టి పగలగొట్టడు, పొర ఎటు పోయిందో చూసి ఉలి పెడతాడు. ఈ పట్టిక గీసినవాళ్లు కూడా మన ఇళ్లల్లో ఆస్తి ఏ పొరల్లో ఉంటుందో తెలిసి గీశారు. భార్య పేరన పొలం, ఉమ్మడి కుటుంబం పేరన ఇల్లు, తల్లి పేరన బంగారం పెట్టే అలవాటు మనకు కొత్తదేం కాదు. 2019 ఫిబ్రవరిలో సవరించాక ఏ పేరుకా గడి వచ్చింది, విదేశాల్లో ఉన్నవి కూడా రాయాల్సి వచ్చింది.

మార్కాపురం వైపు ఓటరు ఈ పట్టిక దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. కాబట్టి రిటర్నులో చూపిన మొత్తం చిన్నదిగా ఉండి, మనిషి మాత్రం పెద్ద ఎత్తున బతుకుతుంటే ‘పొలం మీద వస్తుంది’ అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కోనసీమలో ఆ జవాబు చెల్లుతుందేమో. బోరు వేయి అడుగులు దిగినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేని మెట్ట పొలాల్లో అది చెల్లాలంటే ఇంకో పట్టిక చూడాలి. ఫారం చేసినవాళ్లు దాన్ని కొన్ని పేజీల తర్వాత పెట్టారు.

స్థిరాస్తుల్లో వ్యవసాయ భూమి భాగం అది. ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం రాయాలి. పిత్రార్జితమా కాదా చెప్పాలి. కొన్నదైతే ఏ తేదీన కొన్నారు, అప్పటి ధర ఎంత, ఆ తర్వాత దాని మీద పెట్టిన ఖర్చు ఎంత, ఇప్పటి మార్కెట్ విలువ సుమారుగా ఎంత. ఈ వరసను ఎంత మెచ్చుకున్నా తక్కువే. పిత్రార్జితం అంటే తేదీ, ధర అడగదు. కొన్నానంటే మాత్రం తప్పించుకోవడానికి లేదు. ఊహకు ఒక అభ్యర్థిని తీసుకుందాం. గిద్దలూరు మండలంలో నాలుగెకరాలు 2021లో కొన్నానని రాశాడు. పైన రిటర్నుల పట్టికలో 2020-21 ఆదాయం మూడు లక్షలు. పొలం ధర ముప్ఫై లక్షలు. మిగతాది ఎక్కడిదని ఫారం నోరు తెరిచి అడగదు. కానీ అప్పుల పట్టికలో బ్యాంకు రుణం ఉండాలి, లేదంటే చేబదులు కనబడాలి, అదీ కాకపోతే చరాస్తుల్లో ఏదో ఒకటి తగ్గి ఉండాలి. మూడు చోట్లా ఏమీ కనబడకపోతే ప్రశ్న దానంతటదే లేస్తుంది. లెక్కలు రాయడం వచ్చిన కోమటాయన ఎవరైనా ఈ కూర్పు చూసి తలూపుతాడు.

అన్నిటికంటే సర్వే నంబరు గడి మన ఊళ్ల కోసమే చేసినట్టుంటుంది. ఢిల్లీలో కూర్చుని చదివేవాడికి అదొక అంకె. ఇక్కడ చదివేవాడికి ఆ అంకెలో రోడ్డు కనబడుతుంది, వాగు కనబడుతుంది, పక్క పొలం రైతు కూడా కనబడతాడు. అనంతపురం నుంచి గుంటూరు పోయే జాతీయ రహదారి గిద్దలూరు, కంభం మీదుగా వెళ్తుంది. దాని వెంట ఉన్న ఎకరానికీ, కొండ కిందున్న ఎకరానికీ తేడా ఎంతో ఊళ్లో పిల్లాడైనా చెప్పగలడు. మీభూమి వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే అడంగల్, 1బీ రికార్డులు వస్తాయి. ‘ఇప్పటి మార్కెట్ విలువ’ గడిలో చాలామంది రిజిస్ట్రేషన్ విలువే రాసి ఊరుకుంటారన్నది అందరికీ తెలిసిన రహస్యం. ఫారం అడిగిందేమో సుమారు విలువ. ఆ సుమారు ఎంత సుమారో తేల్చగలిగింది ఊరివాడే.

చరాస్తుల భాగం ఇంత లోతుగా ఉండదు. చేతిలో నగదు, బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, ఎల్ఐసీ పాలసీలు, కార్లు, బంగారం బరువుతో సహా. ఒక్క గడి మాత్రం నాకు ముచ్చటేస్తుంది. ఇతరులకు ఇచ్చిన అప్పులు, అడ్వాన్సులు. మన వైపు నూటికి రెండు, మూడు వడ్డీకి తిప్పే డబ్బు బ్యాంకు పుస్తకంలో కనబడదు. దాన్ని రాయించడానికి ఒక గడి పెట్టారంటే గీసినవాళ్లకు లోకం తెలుసు. అది నిజాయితీగా నిండుతుందా అంటే వేరే సంగతి.

నేరాల పట్టికకు వచ్చేసరికి పనితనం ఇంకో రకంగా ఉంటుంది. ‘కేసులున్నాయా’ అని మాత్రమే అడిగితే బంద్ రోజున రోడ్డు మీద కూర్చున్నవాడూ, మనిషిని పొడిచినవాడూ ఒకే గాట కట్టేసినట్టవుతుంది. అందుకని ఎఫ్ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషను, కోర్టు, సెక్షన్లు, నేరం గురించి క్లుప్తంగా, అభియోగాలు నమోదయ్యాయా, ఎప్పుడు, ఇవన్నీ వేరువేరు గడులు. 144 సెక్షన్ ధిక్కరించినందుకు పెట్టిన ఐపీసీ 188 కేసును ఓటరు చూసీచూడనట్టు పోవచ్చు. 420 ఉంటే ఆగుతాడు. 307 ఉంటే పక్కవాణ్ని పిలుస్తాడు. కేసు పెట్టడానికీ అభియోగం నమోదు కావడానికీ మధ్య తేడా ఎందుకంటే, అధికారంలో ఉన్న పార్టీ ప్రత్యర్థి మీద ఎఫ్ఐఆర్ రాయించగలదు గానీ కోర్టు చేత అభియోగం మోపించడం అంత సులువు కాదు. ఆ ఒక్క గడి అభ్యర్థికి కూడా న్యాయం చేస్తుంది. ఓటరు పక్షాన రాసిన ఫారంలో అభ్యర్థికి న్యాయం జరిగే చోటు వదలడం నేర్పున్నవాళ్ల పని.

ఇవి నోటీసు బోర్డు మీదే ఉండిపోకూడదని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మరో మెట్టు ఎక్కించింది. కేసులున్న అభ్యర్థి వాటిని పత్రికల్లో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలి. 2020 ఫిబ్రవరిలో పార్టీని కూడా లాగింది. కేసులున్నవాడికే టికెట్ ఎందుకిచ్చారో కారణం చెప్పాలి, గెలుస్తాడన్న కారణం చెల్లదు. పార్టీలు ఇచ్చే కారణాలు చదివితే దాదాపు అందరూ ప్రజాసేవలో తరించినవాళ్లే.

బాకీల భాగం చిన్నదే, అయినా అందులో ఒక చురుకు ఉంది. గత పదేళ్లలో ప్రభుత్వ నివాసంలో ఉండి ఉంటే అద్దె, కరెంటు, నీళ్లు, టెలిఫోను బాకీ లేదని చెప్పాలి, నో డ్యూస్ సర్టిఫికెట్ జత చేయాలి. ఆదాయపు పన్ను, జీఎస్టీ, మునిసిపాలిటీ ఆస్తి పన్ను బకాయిలకు విడివిడిగా వరసలున్నాయి. తర్వాత 9బీ అనే చోట ప్రభుత్వంతో ఉన్న కాంట్రాక్టుల సంగతి. అభ్యర్థి పేరన, భార్య పేరన, ఆధారితుల పేరన, వాళ్లు భాగస్వాములైన సంస్థల పేరన, వాటాలున్న ప్రైవేటు కంపెనీల పేరన. రోడ్లు, కాలవలు, చెక్‌డ్యాములే రాజకీయంగా నడిచే ప్రాంతంలో ఈ వరస దగ్గర జాగ్రత్తగా చదవాలి. ఉన్న లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. ఆధారితుడంటే సొంత ఆదాయం లేనివాడు. పెళ్లయి వేరుపడిన కొడుకు, తమ్ముడు, బావమరిది ఈ లెక్కలోకి రారు. మన కాంట్రాక్టులు ఎక్కువగా ఎవరి పేరన ఉంటాయో చెప్పనక్కర్లేదు.

మొత్తం ఫారంలో నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం ఒక చిన్న నిబంధన. ఏ గడీ ఖాళీగా వదలకూడదు. 2013కు ముందు తెలివైనవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. అబద్ధం రాస్తే 125ఏ సెక్షన్ కింద శిక్ష పడొచ్చు. ఏమీ రాయకపోతే అబద్ధమెలా అవుతుంది? అందుకని ఇబ్బందైన చోట గీత కూడా గీయకుండా వదిలేసేవాళ్లు. రీసర్జెన్స్ ఇండియా అనే సంస్థ వేసిన కేసులో 2013 సెప్టెంబరు 13న సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. లేకపోతే లేదని రాయాలి, వర్తించకపోతే వర్తించదని రాయాలి, తెలియకపోతే తెలియదని రాయాలి. రిటర్నింగ్ అధికారి గుర్తుచేసినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చు. ప్రతి పేజీ మీదా అభ్యర్థి సంతకం, నోటరీ ముద్ర. మౌనంగా తప్పుకునే వీలు అభ్యర్థికి లేకుండా చేసింది ఆ నిబంధన. ఎంత పెద్దమనిషైనా ఒక్కో గడి దగ్గర నిజమో అబద్ధమో ఏదో ఒకటి చెప్పి సంతకం పెట్టాల్సిందే.

ఇన్ని వివరాల్ని చివర ‘భాగం-బి’లో ఒక సారాంశంగా కుదించారు. తీరిక లేనివాడి కోసం అన్నమాట. నా మట్టుకు అదొక బలహీనత. మొత్తం ఆస్తి ఇన్ని కోట్లు, కేసులు ఇన్ని అనే అంకెలే మర్నాడు పేపర్లో వస్తాయి. కొన్న తేదీ, పెట్టిన ఖర్చు, సర్వే నంబరు లోపలి పేజీల్లోనే ఉండిపోతాయి. అసలు కథంతా అక్కడుంటుంది.

2024 ఎన్నికల్లో ఈ కాగితానికి మన దగ్గర ఒక అరుదైన అవకాశం దొరికింది. 2019లో గిద్దలూరు నుంచి వైసీపీ తరఫున అన్నా రాంబాబు 81,035 ఓట్ల మెజారిటీతో గెలిచారు. మార్కాపురంలో అదే పార్టీ నుంచి కుందూరు నాగార్జున రెడ్డి గెలిచారు. 2024లో పార్టీ ఇద్దరినీ అటుదిటు మార్చింది. రాంబాబు మార్కాపురంలో కందుల నారాయణరెడ్డి చేతిలో ఓడారు. గిద్దలూరులో ముత్తుముల అశోక్ రెడ్డి నాగార్జున రెడ్డిని 973 ఓట్లతో ఓడించారు. ఐదేళ్లలో అదే నియోజకవర్గం ఎనభై ఒక్క వేల నుంచి వెయ్యిలోపుకు వచ్చింది. అప్పట్లో ఒక పోలింగ్ బూత్‌కు 1,500 మంది ఓటర్ల వరకు ఉండొచ్చు. అంటే గిద్దలూరును తేల్చిన తేడా ఒక పెద్ద బూత్ జనాభాకన్నా తక్కువ.

మామూలుగా ఎమ్మెల్యే పక్క నియోజకవర్గానికి మారితే పాత పనుల మంచీచెడూ పాత చోటే ఉండిపోతాయి. కొత్త చోట ఓటరు కొత్త ముఖాన్నే చూస్తాడు. అఫిడవిట్ మాత్రం మనిషి వెంట వస్తుంది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో 2019 కాగితం, 2024 కాగితం పక్కపక్కన పెట్టుకుని ఒక్కో వరస పోల్చుకోవచ్చు, గెలిచినవాళ్లవీ ఓడినవాళ్లవీ. ఆస్తి పెరగడం తప్పేం కాదు, ఐదేళ్లలో భూమి ధరే పెరుగుతుంది. పాత పొలం విలువ పెరిగిందా, కొత్త పొలం చేరిందా అన్నది చూడాలి. ఆ తేడా పట్టుకోవడానికి కొన్న తేదీ గడి ఉండనే ఉంది.

ఇంత చేసి ఫారాన్ని అబద్ధం నుంచి కాపాడే తాళం మాత్రం చిన్నది పెట్టారు. తప్పు సమాచారం ఇస్తే, లేదా దాస్తే ఆరు నెలల వరకు జైలు, లేదంటే జరిమానా, లేదా రెండూ. రాసింది నిజమా అని రిటర్నింగ్ అధికారి విచారించడు, అది ఆయన పనే కాదు. ఎవరైనా ఎదురు అఫిడవిట్ ఇస్తే దాన్నీ బోర్డు మీద పెడతాడు. 2024 ఏప్రిల్ 9న, సరిగ్గా మన నామినేషన్లు మొదలవడానికి తొమ్మిది రోజుల ముందు, అరుణాచల్ ప్రదేశ్‌లోని తేజు ఎమ్మెల్యే కరిఖో క్రి కేసులో సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది. ప్రతి చరాస్తినీ పొల్లుపోకుండా రాయనక్కర్లేదు, అది విలువైనదో విలాసవంతమైనదో అయితే తప్ప. అభ్యర్థికీ గోప్యత ఉంటుందంది. ఆ కేసులో తగువు మూడు వాహనాల గురించి. తీర్పు సబబైనదే కావచ్చు. అయినా ఇరవై ఏళ్లుగా గడి మీద గడి బిగిస్తూ వచ్చిన కోర్టు ఇక్కడ ఒక గడిని కాస్త వదులు చేసింది. రేపు ఏది ‘విలువైనది’ అన్న వాదన మొదలవుతుంది. మన దగ్గర బుల్లెట్ బండి విలాసమా కాదా అని హైకోర్టులో వాదించుకునే రోజు వస్తే ఆశ్చర్యపోను.

అఫిడవిట్ తప్పని నిరూపించి ఎన్నిక రద్దు చేయించాలంటే ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా హైకోర్టులో పిటిషన్ వేయాలి. 2024 జూన్ 4న వచ్చిన ఫలితాలకు ఆ గడువు జూలై 19తో తీరిపోయింది. కాగితాలు మాత్రం ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. 2029లో వచ్చే వాటిని చదవడానికి ఒక చిక్కు ఉంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది కాబట్టి నేరాల పట్టికలో పాత కేసులకు పాత సెక్షన్లు, కొత్త కేసులకు కొత్త సెక్షన్లు ఉంటాయి. మోసానికి 420 ఇప్పుడు 318, హత్యాయత్నం 307 ఇప్పుడు 109, ఉత్తర్వుల ధిక్కారం 188 ఇప్పుడు 223. రెండు వరసలూ ఒకే పట్టికలో పక్కపక్కన వస్తాయి. 109 అని చూసి అదేదో చిన్న కేసని పేజీ తిప్పేయకుండా ఉండాలంటే, ఈ రెండు నంబర్ల జాబితా ఎవరో ఒకరు తెలుగులో అచ్చేసి నోటీసు బోర్డు పక్కన అంటించాలి.